పనిచేస్తే తగ్గే రోగం

పెళ్ళయిన మగాడికి నడుం నొప్పి ఒక స్థిరాస్తి. గ్యాసు బండ మార్చాలన్నా, అటక మీంచి బిందెలు దించాలన్నా, అత్తగారింటి నుంచి వచ్చిన ఊరగాయ జాడీలు ఆటోలోంచి మోసుకురావాలన్నా ఆ ఆస్తి మీద వడ్డీ వస్తూనే ఉంటుంది. నేను 8 ఏళ్ళు ఆ వడ్డీ తిని బతికినవాణ్ణి. ఎడమచెయ్యి నడుం మీద వేసి, కళ్ళు సగం మూసి, "అబ్బా" అని సన్నగా అంటే చాలు, మా ఆవిడ "మీరు పడుకోండి, నేను చూసుకుంటాలే" అనేది. దొంగనొప్పి అనుకునేరు, నొప్పి అసలుదే. కాకపోతే మంచి కాయల్లో నాలుగు తాలుకాయలు కలిసినట్టు అందులో నా నటన కొంత కలిసేది.

అంత ఆస్తీ ఒక్క పూటలో, ఒక డాక్టరు నోటిమాటతో జప్తు అయిపోయింది.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టు గుమాస్తాని. తేజ, 334, బాడిగ అని కాయ రంగు చూసి పేరు చెప్పగలను. కాటా దగ్గర రాసుకోవడం, రైతుకు పట్టీ రాసివ్వడం, ఖాళీ దొరికితే తుమ్మడం నా ఉద్యోగం. 26 ఏళ్ళ వయసులో మొదలైంది నొప్పి. అదో వింత నొప్పి. రాత్రి పడుకునేటప్పుడు ఉండదు. తెల్లవారుజామున 3 గంటలకు వచ్చి లేపుతుంది. పక్కకు తిరగాలంటే మనిషి మొత్తం చెక్కదూలంలా ఒక్కసారే తిరగాలి. ఒకనాడు కుడి పిరుదులో, మర్నాడు ఎడమ పిరుదులో, వంతులు వేసుకున్నట్టు. పొద్దున మంచం దిగి గంటసేపు నాకు 80 ఏళ్ళు. పళ్ళు తోముకునేసరికి 60. యార్డుకెళ్ళి మిర్చి బస్తాల వరసల మధ్య నాలుగు తిరుగుళ్ళు తిరిగేసరికి నా అసలు వయసు నాకు తిరిగి వచ్చేది. ఇంట్లో ముసలివాడు, యార్డులో కుర్రాడు. దీన్ని మావాళ్ళు ఎలా అర్థం చేసుకుంటారో మీరే ఊహించుకోండి.

ఇంకో వింత. సీజను మూడు నాలుగు నెలలూ ఊపిరాడని పని, అయినా నడుం నా మాట వినేది. మే నెలలో ఎండలకు యార్డుకు సెలవులిచ్చి, హాయిగా ఇంట్లో కాళ్ళు బారజాపుకుందామంటే అప్పుడు పడేది దెబ్బ. ఎంత పడుకుంటే అంత పట్టేసేది. పట్టేసింది కదా అని ఇంకాస్త పడుకునేవాణ్ణి. కమీషన్ లెక్కలో అర్ధరూపాయి తేడా వస్తే రాత్రంతా కూర్చుని పట్టుకునే బుర్ర నాది. ఈ తేడా మాత్రం 8 ఏళ్ళు దొరకలేదు.

వైద్యం చేయించుకోలేదని కాదు. నూనె మర్దనాలయ్యాయి, ఆవిరి పట్టడాలయ్యాయి. ఒకాయన డిస్కు జరిగిందన్నాడు. ఆరు వారాలు మంచం దిగొద్దన్నాడు. నేను జీవితంలో అంత శ్రద్ధగా పాటించిన వైద్యం అదొక్కటే. ఆరు వారాల తరవాత నన్ను మంచం మీంచి దించడానికి ఇద్దరు కావలసి వచ్చారు.

ఆ ఇద్దరిలో ఒకడు మా బావమరిది. వాడు ఎదురుకాళ్ళతో పుట్టాడు. నడుం పట్టినవాణ్ణి ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తంతే పట్టు వదులుతుందని మన పల్లెల్లో తెలియనిదెవరికి? మా అత్తగారు ఒక ఆదివారం పూట తూర్పు ముఖంగా నన్ను నిలబెట్టింది. మూడు తన్నులు పద్ధతి. మా బావమరిదికి నా మీద పెళ్ళినాటి బాకీలు కొన్ని ఉన్నాయి. అలక పాన్పు మీద కూర్చుని నేనడిగిన స్కూటరు వాడు కొనుక్కుందామనుకున్నదట. మూడు తన్నులూ తన్ని, నాలుగోది కొసరు వేశాడు. "తగ్గిందా బావా?" అని అడిగాడు. ఐదోది వద్దనుకుని "తగ్గిందిరా" అన్నాను. ఆ రోజు నుంచీ మా అత్తగారి ఊరున్న పర్చూరు చుట్టుపక్కల వాడికి మంచి హస్తవాసి, అదే, పాదవాసి ఉన్నట్టు పేరొచ్చింది.

అసలు రోగం దొరికింది నడుంలో కాదు, కంట్లో. నాకు 34 ఏళ్ళప్పుడు, యార్డు నిండా ఎర్రగా సరుకు పోసి ఉన్న ఫిబ్రవరి నెలలో, నా కుడికన్ను కూడా అదే రంగుకు తిరిగింది. వెలుతురు చూస్తే పొడిచినట్టు నొప్పి. మిర్చి యార్డులో ఎర్రకన్ను వేసుకుని తిరిగితే ఎవడు పట్టించుకుంటాడు? "చెయ్యి కడుక్కోకుండా నలుపుకున్నావు" అన్నారు అందరూ. నేనూ మిరపకాయనే తిట్టుకుంటూ వారం రోజులు చన్నీళ్ళు కొట్టుకున్నాను. చూపు మసకబారాక కంటి ఆసుపత్రికి వెళ్ళాను. అక్కడి డాక్టరమ్మ దీపం పెట్టి చూసి, "ఇది మిరపకాయ పని కాదండీ, కంటి లోపలి వాపు" అంది. చుక్కల మందు రాస్తూ, తల ఎత్తకుండానే, "మీకు తెల్లవారుజామున నడుం పట్టేస్తుందా?" అంది. ఎరుకలసాని సోది చెప్పినట్టే అనిపించింది. కంటి డాక్టరుకు నా నడుం సంగతి ఎవరు చెప్పారని మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ నా వైపు చూసింది.

అట్లా కీళ్ళవాతం డాక్టరు దగ్గరికి చేరాం. ఆయన వీపు మీద పెన్నుతో 10 సెంటీమీటర్ల ఎడంలో రెండు గీతలు గీసి, మోకాళ్ళు వంచకుండా ముందుకు వంగమన్నాడు. మామూలు మనిషి వంగితే ఆ గీతల మధ్య దూరం 15 దాకా సాగుతుందట. నాది 12 దగ్గర ఆగిపోయింది. 1937లో షోబర్ అనే జర్మన్ డాక్టరు కనిపెట్టిన పరీక్ష ఇది. అట్టలు అట్టలుగా ఎక్స్‌రేలు తీయించుకు తిరిగిన 8 ఏళ్ళలో ఈ పెన్నూ టేపూ పరీక్ష ఎవరూ చెయ్యలేదు. రక్తం తీసి హెచ్‌ఎల్‌ఏ బి27 అనే జన్యువు ఉందేమో చూశారు, నడుంకీ తుంటికీ మధ్య ఉండే కీలుకు ఎంఆర్‌ఐ తీశారు. పేరు తేలింది: యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. యార్డులో ఈ పేరు చెబితే "ఓస్, స్పాండిలైటిస్సేనా, మా ఆవిడకీ ఉంది, మెడకు పట్టా కట్టుకుని తిరుగుతోంది" అని తేల్చేశారు. అది అరుగుదల, నాది వాపు అని చెప్పి చెప్పి విసిగిపోయాను.

ఒంటిని కాపాడాల్సిన కాపలాదారే ఎముకకు నరంపట్టీ అతుక్కునే చోట ఒంటి మీద దాడి చేస్తాడు. అక్కడ వాపు వస్తుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ వాచిన చోట కొత్త ఎముక పెరిగి, పూసకూ పూసకూ మధ్య సిమెంటు పోసినట్టు బిగుస్తుంది. చివరికి ఎక్స్‌రేలో వెన్ను వెదురుబొంగులా కనిపిస్తుంది. ఎక్కువగా పాతిక, ముప్ఫై ఏళ్ళ వయసులోనే మొదలవుతుంది. 1893లో రష్యాలో బెఖ్తెరెవ్, 1897లో జర్మనీలో స్ట్రుంపెల్, 1898లో ఫ్రాన్సులో పియర్ మరీ, ముగ్గురూ దీన్ని వర్ణించారు. పశువుల సంతలో తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరమాడినట్టు మూడు దేశాలవాళ్ళు నా నడుం కోసం పోటీపడ్డారన్నమాట. బి27కూ దీనికీ ఉన్న లంకె 1973లో తేలింది. అది ఉన్నవాళ్ళందరికీ ఈ రోగం రాదు. మా అత్తగారు మాత్రం "మా వంశంలో లేదమ్మా అట్లాంటిది" అని ఆ లంకెను ఒక్క మాటలో మావైపుకు తోసేసింది.

ఇదంతా చెప్పాక ఆ డాక్టరు అన్నాడు: "మిగతా నడుం నొప్పులకూ దీనికీ తేడా అదే. పడుకుంటే పెరుగుతుంది, కదిలితే తగ్గుతుంది."

మా ఆవిడ కుర్చీలో ముందుకు జరిగింది. "డాక్టరుగారూ, ఆ ముక్క ఇంకోసారి చెప్పండి."

ఆయన చెప్పాడు. పాపం పెళ్ళయినవాడే, గోడ మీద ఫ్యామిలీ ఫొటో ఉంది, అయినా చెప్పాడు. ఆవిడ మొహం దీపావళి నాటి కొట్టులా వెలిగింది. "కదలడమంటే బస్తాలు మోయడం కాదమ్మా, వ్యాయామం. నడుం మీద తన్నులూ గుద్దులూ అసలే పనికిరావు, బిగిసిన వెన్ను పెళుసు, చిన్న దెబ్బకే విరగొచ్చు" అని కూడా అన్నాడు. అప్పటికే ఆవిడ బయటికెళ్ళి వాళ్ళమ్మకు ఫోను చేస్తోంది.

వాపు తగ్గడానికి మాత్రలిచ్చారు, తిండి తిన్నాకే వేసుకోవాలని. ఇవి పనిచేయకపోతే ఇంజక్షన్లున్నాయన్నారు. వాటి ధర విన్నాక మాత్రల మీద నాకు ఎక్కడలేని గురి కుదిరింది. మందు ఎంత మంచిదైనా వ్యాయామం రోజూ చెయ్యాల్సిందే, బతికున్నన్నాళ్ళూ, అని కాగితం మీద బొమ్మలు గీసిచ్చారు.

ఆ కాగితం ఇప్పటికీ మా ఫ్రిజ్జు మీద ఉంది. మొదటి బొమ్మలో మనిషి గోడకు వీపు ఆనించి నిలబడి ఉంటాడు. మడమలు, పిరుదులు, భుజాలు, తల వెనకభాగం, నాలుగూ గోడకు తగలాలి. గడ్డం పైకెత్తకూడదు. నాకు మొదటి మూడూ తగిలాయి. తలకూ గోడకూ మధ్య మా ఆవిడ వేళ్ళు 4 దూరాయి. ఒంగోలు గిత్తకు మూపురం అందం, ఆ గిత్తల్ని బ్రెజిల్ వాళ్ళు ఓడలెక్కించి తీసుకెళ్ళారు. నాకు మొలుస్తున్న మూపురానికి మాత్రం గిరాకీ లేదు. నెలకోసారి ఆ నాలుగు వేళ్ళ లెక్క ఆవిడ గోడ మీద పెన్సిలుతో రాస్తుంది. ఆ పక్కనే మావాడి ఎత్తు గీతలున్నాయి. వాడు పైకి పోతుంటే వాళ్ళ నాన్న ముందుకు పోతున్నాడు.

రెండో బొమ్మ బోర్లా పడుకోవడం, 20 నిమిషాలు. ఇది నాకు బాగా అబ్బింది. 2 గంటలు కూడా చెయ్యగలను. గురక వినిపిస్తే లెక్కలోకి రాదని రూలు పెట్టింది ఆవిడ. మూడోది చేతులూ మోకాళ్ళూ ఆనించి వీపును పిల్లిలా పైకి లేపడం, కిందికి దించడం. అప్పుడు మావాడికి నాలుగేళ్ళు. నేను ఆ భంగిమలో కనిపిస్తే చాలు, "ఏనుగు!" అని అరిచి మీదెక్కేవాడు. ఒకసారి పక్క వాటాలోని పిన్నిగారు తోడుకు మజ్జిగ అడగడానికి వచ్చి, "ఏం పోయిందయ్యా మంచం కింద?" అని తనూ వంగి వెతకడం మొదలుపెట్టింది. ఆవిడకు 70 ఏళ్ళు. నాకంటే కిందికి వంగింది.

ఊపిరి వ్యాయామం ఇంకో ముచ్చట. పక్కటెముకలు వెన్నుకు కలిసే చోట కూడా బిగుస్తుంది కాబట్టి రొమ్ము నిండా గాలి పీల్చి వదలాలి. గాలి పీలిస్తే ఛాతీ చుట్టుకొలత 2 అంగుళాలు పెరగాలట. మా ఆవిడ కుట్టుమిషన్ టేపు తెచ్చి, జాకెట్టు కొలత తీసినట్టు తీసింది. ఒక్క అంగుళం. "ఇంకాస్త పీల్చండి." అర అంగుళం పెరిగింది, అది పొట్ట. ఈ రోగం ఉన్నవాడికి తుమ్ము వస్తే పక్కటెముకల్లో కత్తి దిగినట్టుంటుంది. అలాంటి మనిషిని దేవుడు తీసుకొచ్చి గుంటూరు మిర్చి యార్డులో, తుమ్ములే జీతంలో భాగమైన చోట పెట్టాడు. ఆయన హాస్యం నాకంటే గొప్పది. ఇప్పుడు తుమ్ము రాబోతుంటే రెండు చేతులతో ఛాతీని వాటేసుకుంటాను. ఎదుటి రైతు నేను దండం పెడుతున్నాననుకుని తనూ పెడతాడు.

ఇక తలగడ. మామగారు మా పెళ్ళికి తన చేలో పండిన పత్తితోనే పరుపూ, రెండు తలగడలూ కుట్టించి ఇచ్చారు. ఒక్కొక్కటి దూడంత ఉంటుంది. తల కింద ఎత్తు పెట్టుకుంటే మెడ అలాగే వంగి బిగుస్తుంది, పలచటి తలగడ చాలు, పరుపు గట్టిగా ఉండాలి అన్నాడు డాక్టరు. మామగారి పత్తి మీద ఎవరైనా మాటంటే మా ఇంట్లో ఊరుకోరు. వారం రోజులు చర్చలు జరిగాక ఆ తలగడల మీద మావాడు పడుకోవడం మొదలుపెట్టాడు, నాకు మడిచిన దుప్పటి దక్కింది.

వ్యాయామం చేసిన రోజున పాలవాడి క్యాలెండరులోనే, పాల లెక్క కింద, ఒక టిక్కు పెట్టాలని ఒప్పందం. మొదటి నెల నిజాయితీగా పెట్టాను. రెండో నెల నుంచి చేద్దామనుకున్న రోజులకు కూడా పెట్టడం మొదలెట్టాను. అనుకోవడం మాత్రం వ్యాయామం కాదా? ఇలా ఏళ్ళు నడిచింది. చేసిన వారం పొద్దుటి పట్టు పావుగంటలో వదిలేది. ఎగ్గొట్టిన వారం గంటన్నర. మా నల్లరేగడిని చూడండి, పదును ఉన్నప్పుడు దున్నుకుంటే మాట వింటుంది, వదిలేస్తే రాయై నెర్రెలు తీస్తుంది. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ దుప్పటి కప్పుకునేవాణ్ణి.

ఓ ఏడు శివరాత్రికి అత్తగారింటికి వెళ్ళాం. పర్చూరు పక్క పల్లె. 2022 ఏప్రిల్ 4న మామగారు వాలుకుర్చీలోంచి లేవకుండానే ప్రకాశం జిల్లాలోంచి బాపట్ల జిల్లాలోకి వెళ్ళిపోయారు. నా వెన్నుకు అలాంటి జీవో ఏదీ రాలేదు, కదిలితేనే కదులుతుంది. అల్లుడి మర్యాదకు కోడికూర ఉంటుందనుకుని వెళ్తే, కల్లంలో ఎకరాల కొద్దీ కాయ ఆరబోసి ఉంది. మామగారు ఎంతో మర్యాదగా, "అల్లుడుగారూ, మీకు పడుకుంటే ఎక్కువవుతుందటగా, అమ్మాయి చెప్పింది" అని ఒక పొడుగాటి కర్ర చేతికిచ్చారు. కాయ అడుగు నుంచి పైకి తిరగేయాలి, లేకపోతే తాలు అవుతుంది. రెండు రోజులు తిరగేశాను. బావమరిది చెట్టు కింద మంచం వేసుకుని, "బావా, ఆ మూల ఉండిపోయింది" అంటూ చూపించాడు. వాడి నడుం మామూలు నడుం, వాడు పడుకోవచ్చు. ఒప్పుకోవడానికి చిన్నతనంగా ఉంది గానీ, ఆ రెండు రాత్రులూ 3 గంటలకు మెలకువ రాలేదు.

శివరాత్రి రాత్రి కోటప్పకొండ వెళ్ళాం. అక్కడ మా నాన్న గుర్తొచ్చాడు. కీళ్ళవాతం డాక్టరు మొదటి రోజున అడిగిన ప్రశ్నల్లో, "మీ నాన్నగారు వంగి నడిచేవారా?" అన్నది ఒకటి. మా నాన్న జిన్నింగు మిల్లులో తూకం గుమాస్తా. నాకు బుద్ధి తెలిసేనాటికే నడుం దగ్గర వంగి, నేల చూస్తూ నడిచేవాడు. "రూపాయి పడేసుకున్నాడ్రోయ్" అని ఊళ్ళో వేళాకోళం. ఆయనా నవ్వేవాడు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు కోటప్పకొండ తిరణాలకు తీసుకెళ్ళాడు. ప్రభలు బల్బులతో వెలిగిపోతూ ఆకాశమంత ఎత్తున వస్తున్నాయి. ఆయన మెడ అంత ఎత్తుకు లేవదు. నా చెయ్యి పట్టుకుని, "పైన ఏముందిరా? ఎన్ని బల్బులు పెట్టారు?" అని అడిగాడు. నాకు లెక్కపెట్టే ఓపిక లేక "వెయ్యి" అన్నాను. "వెయ్యా!" అని ఆశ్చర్యపోయి, ఇంటికెళ్ళాక అమ్మకు కూడా చెప్పాడు.

ఈసారి ప్రభ వస్తుంటే నాలుగడుగులు వెనక్కి జరిగి, రెండు చేతులూ నడుం మీద వేసి, మెల్లగా తల ఎత్తాను. కొస దాకా కనిపించింది. కింది నుంచి లెక్కపెడుతూ 60 దాకా వచ్చాక మెడ పట్టింది. ఇంకా చాలా ఉన్నాయి. మావాడు "ఏం చూస్తున్నావు నాన్నా?" అంటే, పాల లెక్క అన్నాను.

ఇంటికొచ్చిన మర్నాడే పట్టుబడ్డాను. పాలవాడికి డబ్బిస్తూ మా ఆవిడ క్యాలెండరు తీసింది. "మనం ఊళ్ళో లేని నాలుగు రోజులకూ పాలు లేవు. టిక్కులు మాత్రం నాలుగూ ఉన్నాయి. ఇక్కడికొచ్చి చేసి వెళ్ళారా?" వెళ్ళేముందు రోజే నాలుగూ ముందుగా పెట్టేసి వెళ్ళిన మాట నిజం. అడ్వాన్సు అన్నాను. పాలవాడు కూడా నవ్వాడు. అప్పటి నుంచి టిక్కు పెట్టే పెన్ను ఆవిడ కొంగున ఉంటుంది. పొద్దున్నే వేడినీళ్ళు పోసుకుని, ఫ్రిజ్జు కాగితంలో ఉన్నవన్నీ ఆవిడ కళ్ళముందు చేస్తేనే కాఫీ. గోడ దగ్గర 4 వేళ్ళు ఇప్పుడు 3 అయ్యాయి. మూడోది చూపుడువేలా చిటికెనవేలా అన్న దాని మీద మా మధ్య ఇంకా తగువుంది. గ్యాసు బండ మార్చడం కూడా వ్యాయామమేనని ఆవిడ వాదన. డాక్టరు బొమ్మల్లో బండ లేదని నా వాదన. ప్రస్తుతానికి బండ నేనే మారుస్తున్నాను.

మీ ఇంట్లో కుర్రవాడెవరికైనా, అమ్మాయికైనా సరే, మూడు నెలలు దాటినా నడుం నొప్పి పోకుండా తెల్లవారుజామున లేపుతూ, పని చేస్తుంటే వదులుతుంటే కీళ్ళవాతం డాక్టరుకు చూపించండి. పర్చూరు వైపు మాత్రం తీసుకురావద్దు. మా బావమరిది ఇప్పటికీ తంతూనే ఉన్నాడు.